మానసిక జబ్బులు పెరిగాయా? ఓపీ లెక్కతో తేలదు

సంపాదకులు గారికి,

ఏటా ప్రపంచ మానసిక ఆరోగ్య దినం అక్టోబరు 10 దగ్గర పడేసరికి మానసిక జబ్బులు రెట్టింపయ్యాయన్న వార్తలు మన జిల్లా పేజీల్లో వస్తుంటాయి. చాలావాటికి ఆధారం ఆసుపత్రి ఓపీ లెక్కే. వైద్యానికి ఎంతమంది వచ్చారో అది చెబుతుంది గానీ, ఊళ్లో ఎంతమందికి జబ్బుందో చెప్పదు. 2015-16లో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వారు 12 రాష్ట్రాల్లో ఇంటింటికీ తిరిగి చేసిన సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని తేలింది. డిప్రెషన్, ఆందోళన వంటి సాధారణ రుగ్మతలున్న వందమందిలో 85 మందికి వైద్యమే అందడం లేదని కూడా అదే సర్వేలో తేలింది. ఆ 85 మందిలో మరో పదిహేను మంది ఆసుపత్రికి వస్తే చాలు, ఒక్క కొత్త కేసూ లేకుండానే ఓపీ రెట్టింపవుతుంది. అలాంటి పెరుగుదల భయపడాల్సింది కాదు, కోరుకోవాల్సింది.

పైగా మన గోదావరి డెల్టా పల్లెల్లో డిప్రెషన్ ఆ పేరుతో రాదు. గుండె దడ, ఒళ్లు మంటలు, తల బరువు, నరాల బలహీనత అంటూ వస్తుంది. ఆర్ఎంపీ దగ్గర గ్యాస్ మాత్రలు, బీ-కాంప్లెక్స్ సూదులతో నెలలు గడిచిపోతాయి. అదే మనిషిని రేపు డాక్టరు సరిగ్గా గుర్తిస్తే మన లెక్కలో ఒకటి పెరుగుతుంది. జబ్బు మాత్రం పాతదే.

ప్రపంచం మొత్తమ్మీద 1990లో సుమారు 65 కోట్లున్న మానసిక రోగుల సంఖ్య 2019కి 97 కోట్లయింది. అయితే జనాభా పెరుగుదలను, వయసు మార్పును సర్దుబాటు చేసి చూస్తే రేటు దాదాపు కదల్లేదు. మన దేశంలో మొత్తం వ్యాధిభారంలో (జబ్బుల వల్ల, అకాల మరణాల వల్ల కోల్పోయే ఆరోగ్యకరమైన జీవితకాలంలో) మానసిక రుగ్మతల వాటా 1990లో 2.5 శాతం, 2017లో 4.7 శాతం. అంటురోగాలు, పసిపిల్లల మరణాలు తగ్గడంతో మిగిలిన జబ్బుల వాటా పెరగడం ఇందులో పెద్ద భాగం. అలాగని ఏదీ పెరగలేదని కాదు. 2020లో కోవిడ్ వల్ల ప్రపంచవ్యాప్తంగా డిప్రెషన్, ఆందోళన కేసులు పాతిక శాతానికి పైగా పెరిగాయని అంచనా.

మరి మన దగ్గర సంగతేమిటి? నిమ్హాన్స్ సర్వే చేసిన ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. ఓపీ లెక్కలనైనా పాతవాటితో పోల్చడం కష్టమే. 2022 ఏప్రిల్ 4న రెండు గోదావరి జిల్లాలూ విడిపోయాయి, కృష్ణా జిల్లాలోని నూజివీడు, కైకలూరు ఏలూరులో కలిశాయి. 2019 నాటి తూర్పు గోదావరికీ నేటి తూర్పు గోదావరికీ పేరు ఒక్కటే, జనం వేరు.

తేలాలంటే అవే ఊళ్లలో, అవే ప్రశ్నలతో, ఏడాదిలో అవే నెలల్లో, ఐదేళ్ల తేడాతో రెండుసార్లు సర్వే చేయాలి. పది శాతం పదమూడయిందా అన్నది నమ్మకంగా చెప్పాలంటే విడతకు సుమారు 1,770 మంది కావాలి. ఊళ్లవారీగా ఎంచుకుంటాం, ఒకే ఊరివాళ్ల పరిస్థితులు కొంత ఒకేలా ఉంటాయి కాబట్టి దాన్ని రెట్టింపు చేసుకోవాలి. అంటే 30 ఊళ్లలో ఊరికి 118 మంది. డిప్రెషన్‌కు పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి సరిపోతుంది. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. మొత్తం 27లో పది, ఆపైన వస్తే మానసిక వైద్యుడు స్వయంగా చూడాలి. ఆ మార్కులే రోగ నిర్ధారణ కావు.

లెక్క చెడేది ఎక్కువగా గుమ్మం దగ్గరే. పొద్దున పదింటికి వెళ్తే మగవాళ్లు రొయ్యల చెరువుల మీద ఉంటారు. సాయంత్రం మళ్లీ వెళ్లాలి, కనీసం మూడుసార్లు. కువైట్ వెళ్లినవారి బదులు పక్కింటివాళ్లను రాసుకోకూడదు, 'ఊళ్లో లేరు' అనే నమోదు చేయాలి. అత్తగారు అరుగు మీద కూర్చుని వింటుంటే కోడలు అన్నింటికీ 'ఏం లేదండి' అంటుంది. తాగుడు గురించి భార్యను కాదు, మనిషినే విడిగా అడగాలి. ఒక విడత దాళ్వా (రెండో పంట) కోతలై డబ్బు చేతికొచ్చినప్పుడు, మరో విడత ఆగస్టు వరదలో లంకలు మునిగాక చేస్తే కనిపించే తేడా కాలానిది, జబ్బుది కాదు. చనిపోవాలన్న ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు 'అవును' అన్న వ్యక్తిని అలా వదిలేసి రాకూడదు. సర్వే చేసేవారు ఆ రోజే వైద్యుడితో మాట్లాడించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు ఎవరైనా ఉచితంగా, ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు.

సర్వే జరిగేదాకా మీ పత్రికకు మా మనవి ఒక్కటే. ఓపీ అంకె వేసినప్పుడల్లా ఆ ఏడాది మానసిక వైద్యులు ఎంతమంది ఉన్నారు, వారానికి ఎన్ని రోజులు ఓపీ నడిచింది, ఏయే మండలాల వాళ్లు వచ్చారు అన్నవి కూడా పక్కనే వేయండి.

— ప్రజారోగ్య సర్వేల్లో పనిచేసే కొందరు, అమలాపురం