సైటు తెరవకముందే సినిమా

సంపాదకులకు నమస్కారం.

వీడియోగేముల వార్తా సైట్ల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. ఒక తెలుగు పత్రిక ఈ విషయానికి పేజీ మొత్తం ఇవ్వడం నాకు నిజంగా సంతోషం కలిగించింది. చాలా ఏళ్లుగా గేములు ఆడుతున్నాను. వాటి గురించి రాసేవాళ్లను పేరు పేరునా గుర్తుపెట్టుకుని చదువుతాను. అందుకే ఒక పేరా దగ్గర ఆగిపోయాను. 2012లో అమెరికాలో పాలిగాన్ అనే సైటు తన గురించి తాను చేసుకున్న ప్రచారం మీద పాఠకులు తిరగబడితే, దాన్ని పనిలేనివాళ్ల అసూయగా మీ రచయిత కొట్టిపారేశారు. పైగా 2014లో గేముల రంగంలోని ఆడవాళ్లను వేధించిన దారుణాన్ని దీనికి కొనసాగింపుగా చూపించారు. ఈ రెండు మాటలతోనూ నేను ఏకీభవించలేను. కారణాలు కాస్త వివరంగా రాస్తున్నాను, దయచేసి ప్రచురించండి.

ముందు జరిగింది చెప్పాలి. వోక్స్ మీడియా 2011లో ది వర్జ్ అనే టెక్నాలజీ సైటు మొదలుపెట్టింది. గేములకు విడిగా ఇంకో సైటు ఉండాలని అనుకుని, అప్పటికే పేరున్న సంపాదకులను ఒకచోటికి తెచ్చింది. అప్పటికే ఉన్న గేమ్ సైట్లయిన జాయ్‌స్టిక్ నుంచి క్రిస్ గ్రాంట్, కొటాకు నుంచి బ్రయన్ క్రెసెంటే, ది ఎస్కేపిస్ట్ నుంచి రస్ పిట్స్ వచ్చారు. ఆ కొత్త సైటే పాలిగాన్. అది 2012 అక్టోబరు 24న తెరుచుకుంది. కానీ అంతకుముందే తమ సైటు పుట్టుక మీద తామే 'ప్రెస్ రీసెట్' అని ఒక డాక్యుమెంటరీ సిరీస్ మొదలుపెట్టి, దానికి ట్రైలర్ వదిలారు. అందులో సంపాదకులు కెమెరా ముందు కూర్చుని, గేమ్ జర్నలిజాన్ని తాము ఎలా మార్చబోతున్నారో గంభీరంగా చెబుతారు. దానికి స్పాన్సర్ మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అనే బ్రౌజర్.

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్లు అనేది ఇలాంటివాటినే. పాఠకులు వెక్కిరించారు, పేరడీలు చేశారు. అందులో కొన్ని మాటలు మోటుగా ఉన్నాయి, మనుషుల్ని కించపరిచేవీ ఉన్నాయి. వాటిని నేను సమర్థించను. కానీ ఆ వెక్కిరింతల కింద ఒక ప్రశ్న ఉంది. మీ వ్యాసంలో దాని ఊసే లేదు. ఎక్స్‌బాక్స్ అనే గేమ్ యంత్రాన్ని తయారుచేసేది మైక్రోసాఫ్ట్. హేలో గేములు దానివే. పాలిగాన్ తెరిచిన 13 రోజులకు, నవంబరు 6న, హేలో 4 విడుదలైంది. ఆ గేమును అంచనా వేసి మనకు చెప్పాల్సినవాళ్లు, ఆ గేము అమ్మే కంపెనీ డబ్బుతో తమ గొప్పతనం మీద సినిమా తీయించుకోవచ్చా? పాఠకులు అడిగింది ఇదే.

స్పాన్సర్ పేరు వాళ్లు దాచలేదు కదా అని మీ రచయిత అనవచ్చు. దాచలేదు, నిజమే. దానివల్ల హేలో 4 రివ్యూ ఒక్క అక్షరమైనా మారిందని నేను అనడం లేదు, మారిందనడానికి ఆధారమూ లేదు. నా వృత్తి లెక్కలు తనిఖీ చేయడం. మా దగ్గర ఒక నియమం ఉంది. ఆడిటర్ ఎంత నిజాయితీపరుడైనా సరే, తాను తనిఖీ చేసే కంపెనీలో అతనికి షేర్లు ఉండకూడదు. అతను తప్పు చేస్తాడని కాదు. అతని సంతకాన్ని నమ్మి డబ్బు పెట్టేవాళ్లకు అనుమానపడే అవసరమే రాకూడదని. గేమ్ రివ్యూ రాసేవాళ్ల సంతకం మీద కూడా జనం డబ్బు పెడతారు. అప్పట్లో అమెరికాలో కొత్త గేము ధర 60 డాలర్లు. సీలు తీశాక బాగాలేదని తిరిగి ఇస్తే సాధారణంగా డబ్బు వెనక్కి వచ్చేది కాదు. కొనబోయేవాడికి ఆధారం, గేమును ముందుగా ఆడినవాళ్ల మాట ఒక్కటే.

ఆ ముందుగా ఆడే అవకాశం ఇచ్చేది ఎవరు? గేము అమ్మే పబ్లిషరే. విడుదలకు ముందు కాపీ ఇస్తాడు, ఫలానా తేదీ ఫలానా గంట వరకు రాయకూడదని షరతు పెడతాడు. కొన్నిసార్లు తాను ఏర్పాటుచేసిన చోటికి పిలిపించి, తన మనుషుల మధ్య ఆడిస్తాడు. ఇక సైటు నిండా కనిపించే ప్రకటనలు కూడా చాలావరకు ఆ పబ్లిషర్లవే. మీ పత్రికకు బట్టల షాపు, సిమెంటు కంపెనీ, కాలేజీ అందరూ ప్రకటనలు ఇస్తారు. ఒకరు అలిగినా ఇంకొకరు ఉంటారు. గేమ్ సైటుకు ఆ వెసులుబాటు తక్కువ. వార్త రాయాల్సిన కంపెనీలే జీతాలకు డబ్బిస్తున్నాయి. ఈ చిక్కు అందులో పనిచేసే ప్రతి ఒక్కరికీ తెలుసు, చదివేవాళ్లకూ తెలుసు.

2012లో ఆ తెలివిడి ఎందుకంత పదునుగా ఉందో కూడా చెప్పాలి. 2007 నవంబరులో గేమ్‌స్పాట్ అనే పెద్ద సైటు తన సంపాదకుడు జెఫ్ గెర్స్ట్‌మన్‌ను తీసేసింది. దానికి కొద్దిరోజుల ముందే ఆయన 'కేన్ అండ్ లించ్' అనే గేముకు పదికి ఆరు మార్కులిచ్చారు. అప్పుడు ఆ సైటు నిండా ఆ గేము ప్రకటనలే. జరిగిందేమిటో బయట చెప్పకుండా ఆయన మీద ఒప్పందం ఉండేది. 2012 మార్చిలో అది తొలగిపోయాక, పబ్లిషర్ల ఒత్తిడికి యాజమాన్యం లొంగిందని ఆయనే వివరంగా చెప్పారు. అంటే అందరూ ఏళ్లుగా అనుమానిస్తున్నది నిజమేనని తేలిన ఏడాదే పాలిగాన్ తన ట్రైలర్ వదిలింది.

పాలిగాన్ తెరిచిన వారంలోనే బ్రిటన్‌లో ఇంకో గొడవ. జెఫ్ కీలీ అనే ప్రసిద్ధ గేమ్ పాత్రికేయుడు చిప్స్, కూల్‌డ్రింకు ప్రకటనల పక్కన కూర్చుని హేలో 4 గురించి ఇచ్చిన ఇంటర్వ్యూ దృశ్యం అప్పటికే అందరి నోళ్లలో నానుతోంది. పాత్రికేయులు, పబ్లిషర్ల ప్రచార విభాగాలు ఎంత దగ్గరగా మసలుతున్నారో రాబర్ట్ ఫ్లోరెన్స్ యూరోగేమర్ అనే బ్రిటిష్ గేమ్ సైటులోని తన కాలమ్‌లో రాశారు. ఒకరు అభ్యంతరం చెప్పడంతో సైటు అందులో కొంత భాగం తీసేసింది. ఆయన ఆ కాలమ్ రాయడమే మానేశారు. ఇవన్నీ చదువుతూ ఉన్న పాఠకుడికి, మేం వచ్చాం, ఇక అంతా మారిపోతుంది అనే సినిమా చూపిస్తే కోపం రాదా అండీ?

నన్ను ఎక్కువగా బాధపెట్టిన సంగతి వేరే ఉంది. ఆ బృందానికి నిజంగా చెప్పుకోదగ్గ చరిత్ర ఉంది. 2007లో క్రెసెంటే కొటాకులో ఉండగా, ప్లేస్టేషన్ హోమ్ అనే సేవ గురించి సోనీ ఇంకా ప్రకటించని వార్త చేతికొచ్చింది. ప్రచురించవద్దని సోనీ అడిగింది. కొటాకు ప్రచురించింది. అయితే మీతో ఇంటర్వ్యూలు రద్దు, మాట్లాడేది లేదు అని సోనీ రాసింది. క్రెసెంటే ఆ ఉత్తరాలను కూడా పాఠకుల ముందు పెట్టారు. అదే రోజు సోనీ వెనక్కి తగ్గింది. ఇలాంటి పని ఒక్కటి ఉంటే చాలు, పాఠకులు వెతుక్కుంటూ వస్తారు. గెర్స్ట్‌మన్ ఉద్యోగం పోయిన మరుసటి ఏడాది మిత్రులతో కలిసి జెయింట్ బాంబ్ అనే గేమ్ సైటు మొదలుపెట్టారు. మొదట అదో మామూలు బ్లాగు. మైకు ముందు కూర్చుని గేముల గురించి గంటలు గంటలు మాట్లాడారు. అయినా జనం వెళ్లారు, ఆయన దేనికోసం నష్టపోయారో వాళ్లకు తెలుసు కాబట్టి.

సైటు మొదలయ్యాక పాలిగాన్‌కు అసలు పరీక్ష 2013 మార్చిలో వచ్చింది. సిమ్‌సిటీ అనే గేము ఆడాలంటే అప్పట్లో ఎప్పుడూ ఇంటర్నెట్‌కు అతుక్కుని ఉండాల్సి వచ్చేది. విడుదలకు ముందు ఆడి పాలిగాన్ పదికి 9.5 ఇచ్చింది. విడుదలయ్యాక సర్వర్లు కూలిపోయాయి, డబ్బు పెట్టి కొన్నవాళ్లు లోపలికే వెళ్లలేకపోయారు. అప్పుడు స్కోరును 8కి తగ్గించారు, తర్వాత 4కి, పరిస్థితి కుదుటపడ్డాక 6.5కి పెంచారు. చాలామంది నవ్వారు. నేను మాత్రం ఆ పనిని ఇప్పటికీ గౌరవిస్తాను. గేము మారితే రివ్యూ కూడా మారాలన్నది వాళ్ల నియమం, ఎగతాళి అవుతుందని తెలిసీ దానికి కట్టుబడ్డారు. అయితే మొదటి రోజే 9.5 చూసి కొన్నవాళ్ల 60 డాలర్లు పోనే పోయాయి. జనం డబ్బు పెట్టి కొనే పరిస్థితిలోనే ఆడి చూస్తే తప్ప ఇలాంటి గేముకు మార్కులు వేయకూడదని మిగతా సైట్లు కూడా ఆ దెబ్బతోనే జాగ్రత్తపడ్డాయని నా అభిప్రాయం.

నాకూ ఒక అనుభవం ఉంది. ఒక సైటులో ఆకాశానికెత్తిన రివ్యూ చదివి ఒక గేము కొన్నాను. సగం దూరం వెళ్లేసరికి సేవ్ చేసిన ఆట చెడిపోయింది. మళ్లీ మొదలుపెడితే అక్కడికే వచ్చి మళ్లీ చెడిపోయింది. రాసినవాళ్లు ఆ గేమును కంపెనీ ఏర్పాటుచేసిన చోట కొన్ని గంటలు మాత్రమే ఆడారని చాలాకాలం తర్వాత వేరేచోట చదివాను. ఆ ఒక్క మాట రివ్యూలో ఉంటే నేను కొనేదాన్ని కాదు. అందుకే ఈ ప్రశ్న నాకు చిన్నదిగా కనిపించదు.

ఇక 2014 సంగతి. ఆ ఏడాది గేములు తయారుచేసే ఆడవాళ్లను, వాటిని విమర్శించే ఆడవాళ్లను వేలమంది వెంటాడి వేధించారు. చంపుతామని, చెరుస్తామని బెదిరించారు. అక్టోబరులో, గేముల్లో ఆడవాళ్లను చూపించే తీరును విమర్శించే అనిటా సర్కీసియన్ అమెరికాలోని యూటా స్టేట్ యూనివర్సిటీలో మాట్లాడాల్సి ఉండగా, కాల్పులు జరుపుతామని బెదిరింపు వచ్చింది. ఆమె ఆ ప్రసంగం మానుకోవాల్సి వచ్చింది. ఈ పని చేసినవాళ్లు పాత్రికేయ విలువల కోసమే పోరాడుతున్నామని చెప్పుకున్నారు. ఆడదానిగా, గేములు ఆడేదానిగా ఆ రోజులు నాకు బాగా గుర్తున్నాయి. ఆన్‌లైన్‌లో ఆడేటప్పుడు మైకు ఆన్ చేయడం మానేశాను, నా గొంతు వినపడకూడదని. పాలిగాన్ ఆ వేధింపులను ఖండించింది, అందుకు దాని రచయితలూ తిట్లు తిన్నారు. స్పాన్సర్ డబ్బు గురించి ఒక సంస్థను నిలదీయడం వేరు, ఒక మనిషి ఇంటి చిరునామా బయటపెట్టి భయపెట్టడం వేరు. వాటిని ఒకే గాటన కడితే లాభపడేది వేధించినవాళ్లే. వాళ్లు కప్పుకున్న ముసుగే వాళ్ల అసలు ముఖమని మనమే ఒప్పుకున్నట్టవుతుంది. ఈ విషయంలో మీ రచయిత మళ్లీ ఆలోచించాలని గట్టిగా కోరుతున్నాను.

2025 మేలో వోక్స్ మీడియా పాలిగాన్‌ను వాల్‌నెట్ అనే సంస్థకు అమ్మేసింది. చాలామంది ఉద్యోగాలు పోయాయి. అప్పటికి ఆ సైటు రివ్యూలకు మార్కులు వేయడం మానేసి చాలా ఏళ్లయింది. గేములు తయారుచేసేవాళ్ల బతుకుల మీద, ఆటల్లో ఆడవాళ్ల చోటు మీద మంచి వ్యాసాలు ఎన్నో ఇచ్చింది. ఆ అమ్మకం వార్త విని సంతోషించినవాళ్లు ఉన్నారు. నాకు మాత్రం చాలా బాధేసింది. నేను ఇష్టంగా చదివే పేర్లు ఒక్క రోజులో చెల్లాచెదురయ్యాయి. వాళ్లను గౌరవించేదాన్నే కాబట్టి చెబుతున్నాను: వాళ్ల గురించి జనానికి నమ్మకం కుదిర్చింది ఆ వ్యాసాలే, మొదట తీసిన సినిమా కాదు. 2012లో పాఠకులు శత్రుత్వంతో అడగలేదు. ఇంకో గేమ్‌స్పాట్ తయారవుతుందేమోనని భయపడి అడిగారు.

మీ అనుబంధంలో ఇకనుంచి ప్రతి వారం ఒక గేము రివ్యూ ఇస్తామని ఆ వ్యాసం చివర ప్రకటించారు. దానికి నా విన్నపం ఒకటే. ప్రతి రివ్యూ కింద రెండు మూడు వాక్యాలు వేయండి. గేము కాపీ మీరు కొన్నారా, కంపెనీ ఇచ్చిందా? రాసినవారు ఎక్కడ, ఎన్ని గంటలు ఆడారు, చివరిదాకా ఆడారా? ఆ వారం మీ పేజీల్లో ఆ కంపెనీ ప్రకటన ఉంటే ఆ సంగతి కూడా అక్కడే రాయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు