2025–26 వార్షిక నివేదిక: కొత్తగా లినక్స్‌కి వచ్చినవారికి మనం చేసిన సాయం

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన లినక్స్ సంఘానికి తీరిక లేకుండా చేసింది విండోస్ 10. దాని మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 వేసుకుందామంటే మెషీన్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం ఉండాలి, ప్రాసెసర్ మరీ పాతది కాకూడదు. దాంతో నిక్షేపంలాంటి లాప్‌టాప్‌లు పట్టుకుని, విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేయించుకుందామని చాలామంది మన ఆదివారం సహాయ కేంద్రానికి వచ్చారు. వారిలో సాఫ్ట్‌వేర్ వాళ్లు తక్కువ. రిటైరైన టీచర్లు, డీటీపీ సెంటర్ల వాళ్లు, డిగ్రీ పిల్లలే ఎక్కువ.

ఇన్‌స్టాల్ చేయడం ఇప్పుడు పెద్ద పనేం కాదు. లినక్స్ రకాల్లో (వాటినే డిస్ట్రోలంటాం) ఉబుంటు అయినా మింట్ అయినా డిస్కును ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ మీదే నడిపి చూసుకోవచ్చు. డెబియన్ డిస్ట్రో కూడా 2023లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి వైఫై లాంటి హార్డ్‌వేర్‌కి కావలసిన ఫర్మ్‌వేర్‌ని ఇన్‌స్టాలర్‌లోనే కలిపి ఇస్తోంది. అసలు పని వాళ్లు ఇంటికెళ్లాక మొదలవుతుంది.

ఒక రిటైర్డ్ టీచర్ గారు ఫోన్ చేసి "నెట్ రావట్లేదు బాబూ" అన్నారు. టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే తెరలో) కొట్టమని మనవాళ్లు తలా ఒక కమాండ్ చెప్పారు, ఆవిడకు టెన్షన్ పెరిగింది తప్ప పని కాలేదు. చివరికి ఒక సభ్యురాలు ఫోన్ తీసుకుని "మేడమ్, టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ అని కొట్టి, వచ్చిందంతా ఫొటో తీసి పంపండి" అన్నారు. మెషీన్‌లో ఏ చిప్‌లున్నాయో చూపే కమాండ్ అది, దాంతో వైఫై చిప్ ఏదో తెలిసింది. దానికి డ్రైవర్ విడిగా వేయాలి, వేయాలంటే నెట్ కావాలి, లేనిదే ఆ నెట్! మొబైల్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి టెథరింగ్ ఆన్ చేయిస్తే సరిపోయింది.

ఆ తర్వాతే కార్యవర్గం ఒక పద్ధతి పెట్టింది. సాయం అడిగేవారు ఏ డిస్ట్రో, ఎన్నో వెర్షన్, ఏం చేయబోతే ఇలా అయింది, అంతకుముందు ఏం మార్చారు అన్నవి చెప్పాలి. ఎర్రర్‌ని పొల్లుపోకుండా రాసివ్వాలి, లేదా ఫొటో పంపాలి. ఇవి అడిగి రాబట్టే ఓపిక మాత్రం మనకే ఉండాలి. కొత్తవారికి ఏం చెప్పాలో తెలియకపోవడం తప్పు కాదు.

"మ్యాన్ పేజీ చదువుకో" అని చేతులు దులుపుకోవడం మన సీనియర్లకు అలవాటు. 1971 నాటి మొదటి యునిక్స్ (లినక్స్‌కి నమూనా అయిన సిస్టమ్) మాన్యువల్ నుంచి వస్తున్న, ఒక్కో కమాండ్‌ని వివరించే ఆ పేజీలు కమాండ్ పేరు తెలిసినవారికి బాగా పనికొస్తాయి. పేరే తెలియనివారికి ముందు 'అప్రోపోస్' కమాండ్ చూపించాలి. ఇంగ్లిష్‌లో ఒక మాట ఇస్తే, దానికి సంబంధించిన కమాండ్లు అదే చూపిస్తుంది. మ్యాన్ పేజీలోంచి బయటపడాలంటే 'క్యూ' నొక్కాలనీ ఎవరో ఒకరు చెప్పాలి కదా. చాలా డిస్ట్రోల్లో సుడో (అడ్మిన్ అధికారంతో కమాండ్ నడిపేది) అడిగే పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద చుక్క కూడా పడదు. కీబోర్డు పాడైందనుకుని వచ్చినవారున్నారు, దయచేసి నవ్వకండి.

సుడోతో మొదలయ్యే కమాండ్‌ని వివరణ లేకుండా ఎవరికీ పంపకూడదని కూడా తీర్మానించాం. అదేం చేస్తుందో ఒక్క ముక్కలో చెప్పలేకపోతే అది మనకీ తెలియదన్నమాటే.

తెలుగు టైపింగ్ శిబిరం బాగా జరిగింది. ఐబస్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఎం17ఎన్ అనే భాషల ప్యాకేజీ జోడిస్తే ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు అక్షరాల కీబోర్డు అమరిక), ఆర్‌టీఎస్ (ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి) రెండూ వస్తాయి. డీటీపీ వాళ్ల ఇబ్బంది మాత్రం తీరలేదు. వాళ్ల పాత ఫైళ్లు విండోస్ సాఫ్ట్‌వేర్ అయిన పేజ్‌మేకర్‌లో, ఇప్పటి ప్రమాణమైన యూనికోడ్ కాని ఫాంట్లలో ఉన్నాయి. ఒక మెషీన్‌లో విండోస్ అలాగే ఉంచి, దాన్ని నెట్‌కి కలపొద్దని చెప్పాం. లినక్స్ సంఘం ఇచ్చే సలహాయేనా అని కొందరు గొణిగారు గానీ, వాళ్ల బతుకుతెరువు ముఖ్యం.

ఖర్చు హాలు అద్దెకి, పెన్‌డ్రైవ్‌లకే అయింది. లెక్కల పట్టిక జతచేశాం.

లినక్స్ లాంటిదే మరో ఉచిత సిస్టమ్ అయిన ఫ్రీబీఎస్‌డీ నేర్పమని కొందరు అడుగుతున్నారు. దాని హ్యాండ్‌బుక్ చక్కగా ఉంటుంది, పక్కన కూర్చుని చదివించే మనిషి కావాలి. వీలున్నవారు కార్యదర్శికి పేరివ్వండి. సంఘం పెన్‌డ్రైవ్‌లు తీసుకెళ్లినవారు వచ్చే సమావేశానికి తెచ్చివ్వండి, వాటిలో కొత్త వెర్షన్లు ఎక్కించాలి.