ఆ మాటకు తెలుగు నువ్వే చెప్పు

నిడదవోలు

చిరంజీవి బుజ్జికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు ఫోన్ చేసి ఇవాళ్టికి 19 రోజులు. పనిలో తీరిక లేదనుకుంటున్నాం. మీ అమ్మ మాత్రం రోజూ పడుకునే ముందు ఫోన్‌లో ఛార్జింగ్ ఎంత ఉందో చూసి మరీ దిండు పక్కన పెట్టుకుంటోంది. పెద్ద విషయం ఏమీ లేదు. ఊరికే రాయాలనిపించింది.

మొన్న భగినీ హస్త భోజనానికి తణుకు వెళ్లాను. అత్తయ్య కందాబచ్చలి కూర చేసింది. వడ్డిస్తూ పండు మాట ఎత్తింది. వాడు లండన్ నుంచి నీకు ఫోన్ చేస్తే "పార్ట్‌నర్‌తో బయట ఉన్నాను బావా, తర్వాత చేస్తా" అన్నావట. తర్వాత చెయ్యలేదట. వాడికి ఒకసారి చెయ్యమ్మా, ఎదురుచూస్తాడు.

ఇంటికొచ్చాక పాత డిక్షనరీలు దించాను. 31 ఏళ్లు ఇంగ్లీషు చెప్పినా, మనుషులను పిలిచే మాటల దగ్గర ఎప్పటికప్పుడు కొత్తగానే ఉంటుంది. 'ఫెలో' చూడు. మన బళ్లో అది తిట్టు. "యూజ్‌లెస్ ఫెలో" అని ఎందరు పిల్లలను అన్నానో, తలచుకుంటే బాధగా ఉంది. అదే మాటను 1918లో రాయల్ సొసైటీ రామానుజన్‌కు గౌరవంగా ఇచ్చింది. స్కాండినేవియా వాళ్ల దగ్గర నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాట అది. 'ఫే' అంటే పశువులు, సొత్తు. నలుగురితో కలిసి సొత్తు పెట్టినవాడు ఫెలో. అంటే మొదట్లో ఫెలో అన్నా పార్ట్‌నర్ అన్నా ఇంచుమించు ఒకటే. నేనూ మీ పెదనాన్నా ఎరువుల కొట్టు పెట్టినప్పుడు కాగితాల మీద రాసుకున్నదీ పార్ట్‌నర్స్ అనే.

'కంపానియన్' ఇంకా బాగుంటుంది. లాటిన్‌లో 'పానిస్' అంటే రొట్టె. కలిసి రొట్టె తినేవాడు కంపానియన్. నువ్వు వేళకు తింటున్నావా? రాత్రి పూట ఆ చల్లటి శాండ్‌విచ్‌లు మానెయ్. కుక్కర్ ఉంది కదా, గుప్పెడు పెసరపప్పు వేసుకుంటే పావుగంట పని.

వచ్చే నవంబరు 5న మీ ఇంగ్లండులో బాణసంచా కాలుస్తారు. 1605లో పార్లమెంటు కింద తుపాకిమందు పేర్చి పట్టుబడ్డ గై ఫాక్స్ పేరు మీద. ఆయన దిష్టిబొమ్మలను 'గై' అనేవాళ్లు. తర్వాత వింతగా బట్టలు కట్టినవాణ్ణి అలా అన్నారు. అమెరికా వెళ్లేసరికి మగవాడెవరైనా గై అయ్యాడు, ఇప్పుడు ఆడపిల్లలను కూడా కలిపి 'గైస్' అంటున్నారు. చూడ్డానికి వెళితే మఫ్లర్ కట్టుకో. ఒక్కదానివీ వెళ్లకు.

ఇంకొకటి, మన వాళ్లు "మీరంతా" అనడానికి "యూ పీపుల్" అంటారు. నేనూ క్లాసులో అనేవాణ్ణి. అక్కడ అది "మీ జాతి వాళ్లంతా ఇంతే" అన్నట్టు తగులుతుంది. ఆఫీసు మెయిల్‌లో పొరపాటున కూడా రాయకు. లిఫ్టులో 'పర్సన్స్' అని రాసి ఉందని ఇంటికొచ్చిన చుట్టాలను పర్సన్స్ అనం. బతికున్న మనుషులు నలుగురు కూర్చుంటే 'పీపులే'. మాట చిన్నదే, మనసు విరుగుతుంది. నువ్వు వెళ్లిన కొత్తలో బస్సు డ్రైవర్ "డక్" అన్నాడని చెబితే నాకు ఎంత కోపం వచ్చిందో గుర్తుందా? నాటింగ్‌హామ్‌లో ప్రేమగా అందరినీ అలాగే అంటారని నువ్వే నాకు పాఠం చెప్పావు.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. 1983 సంక్రాంతి. నేను బీఏ రెండో ఏడు. అత్తయ్య రాజమండ్రి హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది, సెలవులకు వచ్చింది. భోగి ముందు రోజు దాని పేరు మీద ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది, ఇంగ్లీషులో. తాతయ్య అరుగు మీద కూర్చుని నన్ను పిలిచి చదవమన్నారు. ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. గొంతు సవరించుకుని చదివాను. పరీక్షల సంగతి, ఏదో నోట్సు సంగతి. చివర "యువర్ లవింగ్ ఫ్రెండ్, కె.ఎస్." అని ఉంది. తాతయ్య అర్థం అడిగారు. "నీ ప్రియమైన స్నేహితుడు" అన్నాను.

ఇంగ్లీషులో ఫ్రెండ్‌కు ఆడా మగా లేదు. తెలుగులో చెప్పాలంటే ఏదో ఒకటి ఎంచుకోవాలి. నేను ఆలోచించకుండా ఎంచుకున్నాను. అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి "కాదు నాన్నా, నా రూమ్మేటు, ఆడపిల్ల" అని ఏడ్చింది. తాతయ్య వినలేదు. "అవును నాన్నా, ఫ్రెండ్ అంటే ఆడపిల్ల కూడా కావచ్చు" అని నేను ఒక్క ముక్క అంటే సరిపోయేది. నాకా సంగతి తెలుసు. చెప్పిన అర్థం వెనక్కి తీసుకుంటే చదువుకున్నవాడి పరువు పోతుందనిపించింది. అత్తయ్య మళ్లీ రాజమండ్రి వెళ్లలేదు. ఆ వేసవిలోనే పెళ్లయింది. 1994లో కొవ్వూరు పెళ్లిలో ఒకావిడ ఇద్దరు పిల్లలను వెంటేసుకుని పరుగున వచ్చి అత్తయ్యను వాటేసుకుంది. ఆవిడే కె.ఎస్. నేను పక్కనే ఉన్నాను. అత్తయ్య నా వైపు చూడలేదు. నన్ను ఆ రోజూ ఏమీ అనలేదు, ఆ తర్వాతా అనలేదు.

మొన్న మాత్రం నేను బయల్దేరేటప్పుడు సున్నుండల డబ్బా చేతికిస్తూ, "అన్నయ్యా, పార్ట్‌నర్ అంటే తెలుగులో ఏమిటో నువ్వు చెప్పకు. అమ్మాయినే అడుగు" అంది. బస్సెక్కి కూర్చున్నాక గానీ ఆ మాట నాకు పూర్తిగా అందలేదు.

అందుకే అడుగుతున్నాను. పని పంచుకునే మనిషో, అద్దె పంచుకునే మనిషో, ఇంకేదైనానో, అబ్బాయో, అమ్మాయో, ఆ మాట చెప్పదు. నేనూ ఏమీ అనుకోలేదు. మీ అమ్మకు ఆ మాటే చెప్పలేదు. నువ్వు తెలుగులో ఒక్క వాక్యం చెబితే చాలు. వాడు అంటావో, అతను అంటావో, ఆయన అంటావో, అది అంటావో, దాన్నిబట్టి నాకు చాలావరకు తెలుస్తుంది. కోపం వచ్చినా అరవను.

సున్నుండలు పార్శిల్ చేద్దామని డబ్బా తీసి పెట్టాను. ఒక్కదానికి సరిపడా పంపమంటావా, ఇద్దరికా? ఆ మనిషికి నెయ్యి పడకపోతే ముందే చెప్పు, అమ్మ చేత వేరే చేయిస్తాను.

నాన్న