బ్యాటరీ అద్దెను చిన్న అక్షరాల్లో దాచొద్దు

సంపాదకుల వారికి,

తెలంగాణలో విద్యుత్ కార్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ 2026 డిసెంబరు 31 వరకేనని 2024 నవంబరులో వచ్చిన జీవో 41 చెబుతోంది. గడువులోపే కొనేయాలన్న తొందరలో చదవకుండా సంతకం పెట్టే కాగితం ఒకటుంది. అది బ్యాటరీ అద్దె ఒప్పందం.

ఈ పద్ధతిలో కారు కొంటాం, బ్యాటరీకి మాత్రం కిలోమీటరుకు ఇంతని అద్దె కడతాం. 2024లో ఎంజీ కంపెనీ విండ్సర్ విద్యుత్ కారు ఇలాగే మార్కెట్లోకి వచ్చింది. బ్యాటరీ లేకుండా రూ.9.99 లక్షలు, అద్దె కిలోమీటరుకు రూ.3.50. బ్యాటరీతో కలిపి కొంటే రూ.13.50 లక్షలు. తేడా రూ.3.51 లక్షలు. దాన్ని మూడున్నరతో భాగిస్తే సుమారు లక్ష కిలోమీటర్లు వస్తుంది. ఆ తేడా మొత్తాన్ని 9 శాతం వడ్డీకి ఐదేళ్ల అప్పుగా తీసుకుంటే, అసలు వడ్డీ కలిపి రూ.4.37 లక్షల దాకా కట్టాలి. అప్పుడు కూడా లక్షా పాతిక వేల కిలోమీటర్ల దగ్గర రెండు లెక్కలూ సమానమవుతాయి. అంతకు మించి తిరిగేవారికి బ్యాటరీ కొనుక్కోవడమే లాభం.

మరి తక్కువ తిరిగేవారికి అద్దె మేలు కదా అనిపిస్తుంది. అసలు చిక్కు అక్కడే ఉంది. కారు కదిలినా కదలకపోయినా నెలకు 1,500 కిలోమీటర్ల అద్దె కట్టాలని ఒప్పందంలో ఉందనుకోండి. నెలకు రూ.5,250. నెలకు 800 కిలోమీటర్లు మాత్రమే తిరిగే కుటుంబానికి కిలోమీటరు అద్దె మూడున్నర కాదు, రూ.6.56 పడుతుంది. ఐదేళ్ల ఏడు నెలలకు కట్టిన అద్దె ఆ రూ.3.51 లక్షలు దాటిపోతుంది, బ్యాటరీ మాత్రం మనది కాదు. చేతిలో డబ్బు లేక, క్రమం తప్పకుండా ఓ మోస్తరుగా తిరిగేవారికే ఈ పద్ధతి పనికొస్తుందని నా అభిప్రాయం.

దీనికి చార్జింగ్ ఖర్చు అదనం. చార్జింగ్‌లో పోయే నష్టంతో కలిపి యూనిట్‌కు ఆరు కిలోమీటర్లు వేసుకున్నా, 1,500 కిలోమీటర్లకు 250 యూనిట్లు. అవి ఇంటి మీటరులోనే తిరిగితే శ్లాబు మారుతుంది. 400 యూనిట్లు దాటాక యూనిట్‌కు రూ.9.50 పడితే కిలోమీటరుకు దాదాపు రూ.1.60. ‘కిలోమీటరుకు రూపాయే’ అన్న షోరూం మాట ఇక్కడ నిలవదు.

సంతకానికి ముందు రాతపూర్వకంగా అడిగి తీసుకోవాల్సినవి ఉన్నాయి. కనీస కిలోమీటర్లు ఎన్ని? అద్దెపై జీఎస్టీ అందులోనే ఉందా, విడిగా వేస్తారా? అద్దె ఏటా పెరుగుతుందా? గడువు ముగిశాక బ్యాటరీ ఎవరిది? మధ్యలో కారు అమ్మితే మిగిలిన అద్దె ఎవరు కట్టాలి? కారుకు ఒక ఫైనాన్స్ సంస్థ, బ్యాటరీకి మరో సంస్థ ఉంటే ఇద్దరి ఎన్‌వోసీలూ (అభ్యంతరం లేదన్న పత్రాలు) చేతికి రానిదే పేరు మార్పు ముందుకు సాగకపోవచ్చు. బీమా పాలసీలో కారు విలువలో బ్యాటరీ విలువ కలిసిందో లేదో కూడా చూడాలి. కలవకపోతే, పెద్ద ప్రమాదంలో కారు పూర్తిగా పోయినప్పుడు బ్యాటరీ బాకీ కొన్నవారి మెడకు చుట్టుకుంటుంది.

ఇవన్నీ కొనేవారే తెలుసుకోవాలనడం అన్యాయం. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు తెచ్చింది. ప్రకటన ఏ భాషలో ఉంటే షరతు కూడా ఆ భాషలోనే, అదే ఫాంటులో ఉండాలని అవి చెబుతున్నాయి. ధరను తెలుగులో పెద్దగా వేసి, ‘బ్యాటరీ అద్దె అదనం’ అన్నది అడుగున ఇంగ్లిషులో చీమ తలకాయంత వేస్తే అది ఆ నియమానికి విరుద్ధం. అధికారులు దీనిపై చర్య తీసుకోవాలి. అలాగే 2024 అక్టోబరు 1 నుంచి రిటైల్ రుణాలకు రిజర్వు బ్యాంకు తప్పనిసరి చేసిన ముఖ్య వివరాల పత్రం లాంటిదే బ్యాటరీ అద్దెకూ ఇవ్వాలి. ఐదేళ్లకు, ఎనిమిదేళ్లకు కట్టే మొత్తం ఎంతో తెలుగులో, రూపాయల్లో అందులో ఉండాలి.

పాత కార్ల సంగతి మరీ ఘోరం. చాలా బ్యాటరీలకు 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు వారంటీ ఉంటుంది. ‘జీవితకాల’ వారంటీలు మాత్రం మొదటి యజమానికే పరిమితం కావడం మామూలు. కాబట్టి రెండో యజమానికి బ్యాటరీలో ఎంత సత్తా మిగిలిందన్నదే కారు విలువ. సర్వీసు సెంటర్లో యంత్రం పెట్టి చూస్తే అది శాతంలో తెలుస్తుంది. ఇంట్లో ఉజ్జాయింపుగా చూడాలంటే 10 శాతం నుంచి 100 శాతం దాకా చార్జ్ చేసి మీటరు చూడండి. 38 యూనిట్ల బ్యాటరీ కొత్తదైతే, నింపాల్సిన ఆ 90 శాతానికి 12 శాతం చార్జింగ్ నష్టంతో కలిపి సుమారు 39 యూనిట్లు లాగుతుంది. 32కే నిండిపోతే మిగిలిన సత్తా 82 శాతం దగ్గరగా ఉన్నట్టు. పేరు మార్పు దరఖాస్తుకు, ఫారం 29, 30తో పాటు, నెలలోపు తీసిన బ్యాటరీ సామర్థ్య నివేదికను జతచేయాలని రవాణా శాఖ నిబంధన పెట్టాలి. పన్ను మాఫీలో కొన్న కార్లు నాలుగైదేళ్లలో పెద్ద సంఖ్యలో చేతులు మారతాయి. ఆ నిబంధన అప్పటికి కాదు, ఇప్పుడే కావాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాద్