పురానాపూల్ మీద కొత్తిమీర

విజయవాడ,
ఆదివారం

ఒరేయ్ రాంబాబూ,

ఫోన్లో చెబుదామంటే సగం వినకుండానే "సరే, ఉంటా" అంటావు. అందుకే కాగితం పట్టుకున్నా.

పోయిన వారం హైదరాబాదులో మా అమ్మాయింటికి వెళ్ళాంగా. ఈసారి చార్మినారు వద్దు, మూసీ మీది పాత వంతెన పురానాపూల్ చూపించమని అల్లుడి ప్రాణం తీశాను. "అక్కడేముంది మావయ్యా, కూరగాయలు తప్ప" అన్నాడు.

నిజమేరా, వంతెనంతా సంతే. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించాడు, మన కవులు మల్కిభరాముడన్నది ఆయన్నే. చార్మినారు కంటే పదమూడేళ్ళు పెద్దది. ఇరవై రెండు కమానులు. కొడుకు కులీ తన ప్రేయసి భాగమతి కోసం మూసీ వరదలో గుర్రమెక్కి దూకితే తండ్రి భయపడి ఈ వంతెన కట్టించాడని కథ. 1565లో పుట్టినవాడికి అప్పటికి ఎన్నేళ్ళు? పదమూడు! మనం ఆ వయసులో బ్యారేజీ మీద సైకిలు తొక్కడానికే హడలిపోయేవాళ్ళం.

1820 వరదలో దెబ్బతింటే నిజాం సికిందర్ జా బాగుచేయించాడట. 1908లో మూసీ ఊరినే ముంచేసినప్పుడూ నిలబడింది. మన కృష్ణ మీది పాత ఆనకట్ట 1855లో కట్టింది, 1952లో గండిపడింది కదా. అది తలుచుకుంటే దీనికి దండం పెట్టాలనిపించింది.

నా భయమల్లా రిపేరు పేరుతో సిమెంటు పూస్తారేమోనని. మా నూతి పక్క గోడ సంగతి నీకు చెప్పలేదు. నాన్నగారు కట్టించింది, డంగు సున్నంతో. కాస్త పెచ్చులూడితే మేస్త్రిని పిలిచాను. "సున్నం ఎవడు వాడుతున్నాడండీ, సిమెంటేస్తే రాయే" అన్నాడు. నేనూ తలూపాను, బుద్ధిలేక. రెండో వానాకాలానికి గోడ ఉబ్బింది. వేలితో కొడితే డబడబమంది. ఒక పెచ్చు పట్టి లాగితే ఇటుక ముఖం కూడా ఊడొచ్చింది! సున్నం చెమ్మని బయటికి వదులుతుంది, సిమెంటు లోపలే బిగించేస్తుంది. ఆ చెమ్మతో ఉప్పు పైకొచ్చి ఇటుకని పిండి చేసింది. నాలుగున్నర వందల ఏళ్ళ వంతెనకి ఆ గతి పట్టకూడదు.

ఇంకోటి. బాగుచేసి జనానికి చూపించాలంటే ముందు సంతని ఖాళీ చేయించి, గేటు పెట్టి, టికెట్టు పెడతారు. అదీ నాకు నచ్చదు. నేను పిట్టగోడ పట్టుకుని కిందికి వంగి కమానులు చూస్తుంటే ఒక ముసలమ్మ, "ఆడేం జూస్తవ్ సారూ, ఈడ కొత్తిమీర జూడు" అంది. ఆవిడ లేని పురానాపూల్‌కి నేను టికెట్టు కొనను.

నాలుగు కట్టలు తెచ్చాను. మీ చెల్లెలు బస్సులో ఆ వాసనకి తిట్టుకుంటూనే వచ్చింది, ఇంటికొచ్చాక పచ్చడి మాత్రం అమోఘంగా చేసింది.

అసలు పని మరిచిపోయా. గోడ మళ్ళీ గీకిస్తున్నా. బెల్లం నీళ్ళూ కరక్కాయా వేసి సున్నం కలపడం తెలిసిన పాతకాలం మేస్త్రి మీ గుంటూరు వైపు ఎవరైనా ఉంటే, వానలు పడేలోపు పంపరా.

నీ
శేషు