గేటు తెగకముందే తెలియాలి: జలవనరుల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర జలవనరుల శాఖ మంత్రివర్యులకు నమస్కారాలతో,

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ నంబరు గేటు చైను తెగి కొట్టుకుపోయినప్పుడు, కర్నూలులో కేసీ (కర్నూలు-కడప) కాలువను నమ్ముకున్న రైతుకూ, అనంతపురంలో తుంగభద్ర ఎగువ కాలువ (హెచ్చెల్సీ) కింద సేద్యం చేసే రైతుకూ కంటిమీద కునుకు లేదు. పారే నీటిలోకి స్టాప్‌లాగులు (గేటు బదులు నీటిని ఆపే ఉక్కు పలకలు) దించిన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారి బృందానికి మేమంతా రుణపడి ఉన్నాం. కానీ, చైను తెగకముందే మనల్ని హెచ్చరించే ఏర్పాటు ఉండాల్సింది కదా అన్న బాధ నన్ను వదలడం లేదు. అలాంటి ఏర్పాటే డిజిటల్ ట్విన్; దాన్ని కోరుతూనే ఈ లేఖ.

నేను కాలువలు, రెగ్యులేటర్ల (కాలువ నీటిని గేట్లతో అదుపు చేసే కట్టడాల) పనుల్లో జీవితం గడిపిన సివిల్ ఇంజనీరును. ఒకసారి పాత రెగ్యులేటరు గేటు మార్చాల్సి వచ్చి డ్రాయింగు కోసం బీరువా తెరిస్తే, చెదలు తిన్న కాగితం చేతిలోనే పొడిపొడిగా రాలిపోయింది. చివరికి టేపుతో గేటు గాడి కొలిస్తే, పైన ఒక వెడల్పు, కింద మరొకటి వచ్చాయి. కట్టేటప్పుడు చేసిన మార్పులు ఎం-బుక్కులో (పని కొలతలు రాసే పుస్తకంలో) తప్ప డ్రాయింగులోకి ఎక్కనే లేదు.

డిజిటల్ ట్విన్ అంటే కంప్యూటర్ తెరపై తిరిగే త్రీడీ బొమ్మ కాదు. కట్టడం ఉన్నది ఉన్నట్టుగా తయారైన నమూనాకు, ఆ కట్టడంలోని పరికరాల రీడింగులు నిత్యం అందుతుంటేనే అది కవల అనిపించుకుంటుంది. జలాశయం మట్టం మారకపోయినా మట్టికట్టలోని పీజోమీటరులో (కట్ట లోపలి నీటి పీడనం కొలిచే పరికరంలో) పీడనం పెరిగితే అది పట్టుకుంటుంది. గేటు ఎత్తే మోటారు రోజూ కంటే ఎక్కువ కరెంటు లాగుతుంటే రోలరు బిగుసుకుంటోందేమో చూడమంటుంది. మా లస్కర్లు (గేట్లు, కాలువలు చూసుకునే సిబ్బంది) ఇదే విషయాన్ని "గేటు మూలుగుతోంది సార్" అని చెప్పేవారు. ఆ చెవి ఉన్న మనిషి రిటైరైతే ఆ అనుభవమూ ఆయనతోనే వెళ్లిపోతోంది.

2021 నవంబరు 19న చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, దిగువ ఊళ్లు కొట్టుకుపోయాయి. గేట్లు వదలగలిగిన దానికంటే ఎక్కువ వరద వచ్చిపడింది. నమూనా గేట్ల సామర్థ్యాన్ని పెంచలేదు, నిజమే. అయితే ఎగువన పింఛా ప్రాజెక్టు నుంచీ, ఏర్ల నుంచీ వచ్చే నీటిని ఒకేచోట లెక్కగట్టి, కట్ట ఎన్ని గంటలు ఆగగలదో ముందే చెప్పగలిగితే, పులపత్తూరు లాంటి ఊళ్లను ఖాళీ చేయించడానికి ఆ గంటలే ప్రాణాధారం.

డ్యాం భద్రతా చట్టం, 2021 పెద్ద డ్యాములకు పరికరాలు అమర్చాలనీ, వాటి రీడింగులను విశ్లేషించాలనీ ఇప్పటికే నిర్దేశిస్తోంది. కాబట్టి కొత్త పనుల టెండర్లలోనే, కట్టినది కట్టినట్టుగా చూపే డిజిటల్ నమూనా అప్పగించేవరకు తుది బిల్లు చెల్లించరాదన్న షరతు చేర్చమని కోరుతున్నాను. ఆ నమూనా, రీడింగులు శాఖ సొత్తుగా, ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకునేలా ఉండాలి. మూడో ఏడు సెన్సరు చెడితే మార్చేదెవరో, డబ్బు ఏ పద్దు నుంచో ఒప్పందంలోనే రాయాలి. మన దగ్గర పరికరాలు మూలన పడేది ఎక్కువగా అక్కడే. హెచ్చరిక మాత్రం లస్కరు ఫోనుకు తెలుగులో రావాలి.

2009 అక్టోబరులో మునిగిన ఊరివాడిగా, మొదటి ప్రయోగానికి కేసీ కాలువ మొదలయ్యే సుంకేసుల బ్యారేజీని ఎంచుకోమని మనవి. వచ్చే వరదలోగా ఒక్క గేటుతోనైనా మొదలుపెట్టించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంజనీరు,
కర్నూలు