చిన్న రేడియో స్టేషన్లకు మీరు అమ్ముతున్న తెలుగు కార్యక్రమాలపై ఫిర్యాదు

స్వీకర్త: కార్యక్రమాల పంపిణీ విభాగం బాధ్యులు, హైదరాబాద్
పంపినవారు: మూడు చిన్న స్టేషన్ల ఉమ్మడి సాంకేతిక బృందం, అమెరికా తూర్పు తీరం

విషయం: కార్యక్రమాల్లో కలిపేసిన వాణిజ్య ప్రకటనలు, పాటల ఎంపిక, ఫైళ్ల ఆలస్యం, ధ్వని లోపాలు, పెంచిన చందా గురించి

అయ్యా/అమ్మా,

మీ దగ్గర చందా కట్టి వారం వారం తెలుగు కార్యక్రమాలు తీసుకుంటున్న మూడు స్టేషన్ల తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాం. వీటిలో రెండు లో పవర్ ఎఫ్‌ఎం స్టేషన్లు. మూడోది పార్ట్ 15 నిబంధన కింద, లైసెన్సు అవసరం లేకుండా 100 మిల్లీవాట్ల శక్తితో, 3 మీటర్ల యాంటెన్నాతో అభిరుచి కొద్దీ నడిచే ఏఎం స్టేషన్. ఇప్పటిదాకా ఫోన్లో చెప్పిన ప్రతిసారీ "మీ సాఫ్ట్‌వేర్‌లో ఏదో తేడా ఉంది" అన్న జవాబే వచ్చింది. తేడా మా సాఫ్ట్‌వేర్‌లో లేదు. అది ఎక్కడుందో, ఎందుకు వస్తోందో కింద వివరంగా రాస్తున్నాం. ఆటోమేషన్ (వేళ ప్రకారం ఫైళ్లను తనంతట తానే వేసే సాఫ్ట్‌వేర్) లాగులూ, ఫైళ్ల కొలతలూ జతచేశాం.

అన్నిటికన్నా ముందు ప్రకటనల సంగతి. లో పవర్ ఎఫ్‌ఎంను అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2000లో మొదలుపెట్టింది. గరిష్ఠంగా 100 వాట్లు, 30 మీటర్ల యాంటెన్నా ఎత్తు దగ్గర సుమారు 5.6 కిలోమీటర్ల పరిధి. ఇవి పూర్తిగా వాణిజ్యేతర స్టేషన్లు. ప్రతిఫలం తీసుకుని ప్రకటన వేయడం చట్టవిరుద్ధం. దాత పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఏం చేస్తారో తటస్థంగా ఒక మాట, ఇంతవరకే చెప్పవచ్చు. ధర చెప్పకూడదు, తగ్గింపు చెప్పకూడదు, "రండి, కొనండి" అనకూడదు, "అందరికన్నా మేలైన" అని పొగడకూడదు. మీరు పంపే గంట కార్యక్రమంలో నగల దుకాణం ప్రకటన "మజూరీ లేదు, తరుగు లేదు, ఈ శనివారమే రండి" అని పిలుస్తుంది. ఆ ఒక్క వాక్యంలో రెండు ఉల్లంఘనలున్నాయి. తెలుగులో ఉంటే ఎవరికి అర్థమవుతుందని మీ ప్రతినిధి అన్నారు. నిబంధనకు భాషతో పనిలేదు. ఫిర్యాదు వచ్చిన రోజున అనువాదంతో సహా జవాబు చెప్పుకోవలసింది లైసెన్సు ఉన్న స్టేషనే, మీరు కాదు.

ఈ ప్రకటనలు ఉంచితే చందాలో తగ్గింపు ఇస్తామన్న మీ ప్రతిపాదన సమస్యను ఇంకా పెంచుతోంది. ప్రకటన ప్రసారం చేసినందుకు చందా తగ్గితే ఆ తగ్గింపే ప్రతిఫలం అవుతుంది. "మాకు డబ్బేమీ ముట్టలేదు" అని చెప్పుకునే అవకాశం కూడా అక్కడితో పోతుంది. వాణిజ్య స్టేషన్లలో ఈ మార్పిడి పద్ధతి మామూలే. లో పవర్ స్టేషనుకు దాన్ని అంటగట్టకూడదు.

కత్తిరించి వేసుకోండి అంటారా? కుదరదు. వ్యాఖ్యాత మాట కింద మొదలైన నేపథ్య సంగీతం ప్రకటన కింద కూడా ఆగకుండా సాగి మళ్లీ మాటలోకి వస్తుంది. ఎక్కడ కోసినా తాళం తెగి వినిపిస్తుంది. పైగా వ్యాఖ్యాత "ఇప్పుడే విన్నారుగా, ఆ దుకాణంవారు..." అని ప్రకటనను కార్యక్రమంలోకే లాగుతారు. మాకు కావలసింది ప్రకటనలు లేని విడి ప్రతి. పార్ట్ 15 స్టేషనుకు ఈ వాణిజ్యేతర నిబంధన లేదు కాబట్టి ప్రకటనలున్న ప్రతిని దానికి పంపుకోండి, అభ్యంతరం లేదు. రెండు రకాల స్టేషన్లకూ ఒకే ఫైలు పంపడమే అసలు తప్పు.

రెండో విషయం పాటలు. దీని గురించి మీ దగ్గర ఎవరూ ఆలోచించినట్టు లేదు. మా మూడు స్టేషన్లూ గాలిలో ప్రసారంతో పాటు ఇంటర్నెట్‌లోనూ వినిపిస్తాయి. ఆ ఇంటర్నెట్ ప్రసారం నడిచేది చట్టబద్ధ లైసెన్సు మీద, రుసుము రాయల్టీలు వసూలుచేసి పంచే సంస్థ సౌండ్‌ఎక్స్ఛేంజ్‌కు కడతాం. ఆ లైసెన్సుకు ఒక షరతు ఉంది. ఏ మూడు గంటల వ్యవధిలోనైనా ఒకే ఆల్బమ్ నుంచి మూడు పాటలకు మించకూడదు, వాటిలోనూ వరుసగా రెండుకు మించకూడదు. ఒకే ముఖ్య గాయకుడి పాటలు నాలుగుకు మించకూడదు, వరుసగా మూడుకు మించకూడదు. తెలుగు సినిమా పాటల విషయంలో ఇది ఎక్కడ దెబ్బకొడుతుందో చూడండి. ఒక సినిమా పాటలన్నీ కలిపితే ఒక ఆల్బమ్. మీ "ఒకే చిత్రం, ఆరు పాటలు" శీర్షిక మొదటి అరగంటలోనే గీత దాటుతుంది. ఘంటసాల, బాలసుబ్రహ్మణ్యం ప్రత్యేక గంటలూ అంతే. ఆ గంటలు వినడానికి ఎంత బాగున్నా, తయారుచేసినవారి శ్రమ ఎంత తెలుస్తున్నా, ఇంటర్నెట్‌లో వాటిని వేయలేక ఆ గంటసేపు స్ట్రీమ్‌కు వేరే రికార్డింగు పెట్టవలసి వస్తోంది.

పరిష్కారం కష్టమేమీ కాదు. గాయకుడి ప్రత్యేక గంటలో ఆయన పాటలు నాలుగు ఉంచి, మిగతా సమయంలో ఆయనతో పనిచేసిన సంగీత దర్శకుల ఇతర పాటలు, పరిచయం, వాయిద్య సంగీతం పెట్టవచ్చు. లేదా గంటను మూడు వారాలకు పంచవచ్చు. ఏ దారి పట్టినా, వచ్చే వారం వేసే పాటల పేర్లు ముందుగా చదివే అలవాటు మానండి. పాటల జాబితాను ముందే ప్రకటించడం కూడా ఆ లైసెన్సు ఒప్పుకోదు.

పాత పాటలకు లెక్క చెప్పనక్కరలేదని మీరు రాసిన మాట కూడా సరికాదు. రికార్డింగు విడుదలై 60 ఏళ్లు దాటితే భారతదేశంలో దానిపై హక్కు తీరిపోతుంది. అమెరికాలో ఆ లెక్క చెల్లదు. 1972 ఫిబ్రవరి 15కు ముందటి రికార్డింగులు కూడా 2018 చట్టంతో ఇంటర్నెట్ రాయల్టీ పరిధిలోకి వచ్చాయి. కాబట్టి ప్రతి పాటకూ పేరు, గాయకులు, సినిమా, ఆడియో కంపెనీ ఉన్న జాబితా ఫైలుతో పాటే రావాలి. ఇప్పుడు మా వాలంటీర్లు ప్రతి వారం గంటలకొద్దీ విని ఆ జాబితా తయారుచేస్తున్నారు.

ఇక ఆలస్యం. మీ కార్యక్రమం మా దగ్గర శనివారం సాయంత్రం 7 గంటలకు ప్రసారమవుతుంది. మీరు ఫైలు ఎక్కించేది ఆదివారం తెల్లవారుజామున 5 గంటలకు, భారత కాలమానం ప్రకారం. చలికాలంలో మనకు తేడా పదిన్నర గంటలు. అంటే ఫైలు మాకు 6:30కు అందుతుంది, అరగంట ముందు. మార్చి రెండో ఆదివారం ఇక్కడ గడియారం ఒక గంట ముందుకు జరుగుతుంది. అప్పటినుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా తేడా తొమ్మిదిన్నర గంటలే. మీ 5 గంటలు మాకు సాయంత్రం 7:30 అవుతుంది, కార్యక్రమం మొదలై అరగంట గడిచిపోతుంది. మా ఆటోమేషన్ 6:45కు సర్వర్లో చూసి, కొత్తది దొరకక, పాత వారం ఫైలే వేస్తుంది. ఉగాది కార్యక్రమం వారం ఆలస్యంగా వినిపించింది ఇందువల్లే. ఏడాదిలో దాదాపు ఎనిమిది నెలలు ఇదే పరిస్థితి. గడువును అంతర్జాతీయ ప్రామాణిక కాలంలో (యూటీసీ) పెట్టండి. శుక్రవారం 18:00 అంటే మీకు శుక్రవారం రాత్రి 11:30, మాకు మధ్యాహ్నం ఒంటిగంటో రెండో. ఏ కాలంలోనైనా సరిపోతుంది, లోపం కనిపిస్తే సరిచేసుకోవడానికి ఒక రోజు మిగులుతుంది.

ఫైలు పేరు కూడా వారానికొక తీరుగా ఉంటోంది. ఒకసారి "ఫైనల్", ఇంకోసారి "ఫైనల్ కొత్తది 2". రివెండెల్ వంటి ఆటోమేషన్ తేదీని బట్టి పేరు కట్టుకుని వెతుకుతుంది. ఒక్క అక్షరం మారినా, మధ్యలో ఒక ఖాళీ వచ్చినా దొరకదు. కార్యక్రమం కోడ్, ఎనిమిది అంకెల తేదీ (ఏడాది, నెల, రోజు వరుసలో), భాగం సంఖ్య, ఈ మూడే ఉండాలి. ఎప్పటికీ అదే వరుస.

నిడివి గురించి. గంట కార్యక్రమం ఒకసారి 57 నిమిషాలు, ఒకసారి 63 నిమిషాలు ఉంటోంది. ప్రతి గంటకూ దగ్గర్లో, సహజంగా విరామం వచ్చేచోట స్టేషను పిలుపు అక్షరాలు (కాల్ సైన్), ఊరి పేరు చెప్పి తీరాలన్నది నిబంధన. 63 నిమిషాల ఫైల్లో గంట దాటేచోట పాట మధ్యలో ఉంటుంది. రెండు గంటల పండుగ ప్రత్యేకాల్లో అసలు విరామమే లేదు. నాలుగు భాగాలుగా పంపండి: మొదటి మూడూ కచ్చితంగా 14 నిమిషాల చొప్పున, నాలుగోది 13 నిమిషాలు. మొత్తం 55. మిగిలిన ఐదు నిమిషాల్లో గుర్తింపు, దాతల పేర్లు, ఊళ్లోని కబుర్లు మేం పెట్టుకుంటాం. స్థానికుల చేత శుభాకాంక్షలు చెప్పించి చేర్చితే కార్యక్రమం "స్థానికం" అవుతుందని మీ కరపత్రంలో రాశారు. దయచేసి ఆ వాక్యం తీసేయండి. లైసెన్సు దరఖాస్తులో స్థానిక ప్రసారానికి హామీ ఇచ్చిన స్టేషను, తన యాంటెన్నాకు నిర్ణీత దూరంలో తానే తయారుచేసినదే ఆ లెక్కలోకి వస్తుంది. బయటినుంచి వచ్చిన రికార్డింగు, మధ్యలో ఎవరి గొంతు అతికించినా, రాదు. మీ మాట నమ్మి ఏ కొత్త స్టేషనైనా లెక్క వేసుకుంటే రేపు ఇబ్బంది పడేది ఆ స్టేషనే.

ధ్వని లోపాల్లో పెద్దది ఫేజ్. మీ పాత పాటల భాగంలో ఎడమ, కుడి చానెళ్లలో ఒకటి తలకిందులై ఉంటోంది. హెడ్‌ఫోన్లో విశాలంగా వినిపిస్తుంది కాబట్టి మీ స్టూడియోలో పట్టుబడలేదు. మా ఏఎం ట్రాన్స్‌మిటర్ మోనో. రెండు చానెళ్లూ కలిసినప్పుడు మధ్యలో ఉండాల్సిన గాత్రం ఒకదానికొకటి కొట్టుకుపోయి, వెనకవున్న వాయిద్యాలు మాత్రం మిగులుతాయి. ఎఫ్‌ఎంకు కూడా ఈ బాధ తప్పదు. 100 వాట్ల స్టేషను పరిధి అంచుల్లో సిగ్నల్ తగ్గగానే కారు రేడియో తనంతట తాను స్టీరియో నుంచి మోనోకు జారుతుంది. వీధి మలుపు తిరిగేసరికి గాయకుడి గొంతు మాయం. శ్రోతలు స్టేషను పాడైందనుకుంటారు. పంపేముందు ఆడాసిటీ అనే ధ్వని సవరణ సాఫ్ట్‌వేర్‌లో రెండు చానెళ్లూ కలిపి ఒకసారి మోనోలో వినండి. గాత్రం తగ్గితే ఒక చానెల్‌ను ఇన్వర్ట్ చేస్తే చాలు, రెండు నిమిషాల పని.

గట్టితనం మాటకొస్తే, మీ ముఖాముఖీ భాగం సగటు మైనస్ 26 ఎల్‌యుఎఫ్‌ఎస్ (చెవికి తెలిసే గట్టితనపు కొలమానం), వెంటనే వచ్చే కొత్త పాట మైనస్ 11. పదిహేను డెసిబెళ్ల దూకుడు అది. గట్టితనాన్ని సమం చేసే మా ప్రాసెసర్ మాటను పైకి లాగేటప్పుడు మీ గదిలోని ఫ్యాన్ చప్పుడు కూడా పైకి వస్తుంది, పాట రాగానే అంతా నొక్కుకుపోతుంది. అమెరికా పబ్లిక్ రేడియోలో వాడే మైనస్ 24కు మాట, పాట రెండూ సరిచేయండి. శిఖరం మైనస్ 2 డెసిబెళ్లు దాటకుండా చూడండి. ఇంకొకటి: భారతదేశ ఎఫ్‌ఎంలో ప్రీ-ఎంఫసిస్ (ప్రసారానికి ముందు పై స్వరాలను పెంచే పద్ధతి) 50 మైక్రోసెకన్లు, ఇక్కడ 75. పది కిలోహెర్ట్జ్ దగ్గర అక్కడ పది డెసిబెళ్ల పైచిలుకు పెరిగితే ఇక్కడ దాదాపు పద్నాలుగు పెరుగుతుంది. మీరు మెరుపు కోసం పెంచిన పై స్వరాల వల్ల "స", "శ" అక్షరాలు ఇక్కడ చీదినట్టు వస్తున్నాయి. ఆ పెంపు మానేసి చదునుగా పంపండి, మిగతా పని మా ప్రాసెసర్ చేస్తుంది. 128 కిలోబిట్ల ఎంపీ3 బదులు, నాణ్యత పోకుండా కుదించే ఫ్లాక్ గానీ 256 కిలోబిట్ల ఎంపీ2 గానీ ఇవ్వండి. ఒకసారి కుదించి నలిగిన ఎంపీ3ను మా స్ట్రీమ్ మళ్లీ కుదించి నలిపితే తాళాలు, గజ్జెలు బురదలా వినిపిస్తాయి.

ట్యాగుల్లో పాట పేరు తెలుగు లిపితో పాటు రోమన్ లిపిలోనూ ఉండాలి. రేడియో తెరపై పాట పేరు చూపించే మా ఆర్‌డీఎస్ పరికరం తెలుగు అక్షరాలకు బదులు ప్రశ్నార్థకాలు చూపిస్తోంది. మొత్తం 64 అక్షరాల్లోపు ఉంచండి.

చివరగా చందా. పోయిన ఒప్పందంలో స్టేషనుకు ఒక చందా. కొత్త ఒప్పందంలో "ప్రతి ఫ్రీక్వెన్సీకి, ప్రతి స్ట్రీమ్‌కు" అని మార్చారు. లో పవర్ స్టేషనుకు రెండు ట్రాన్స్‌లేటర్ల దాకా ఉండవచ్చు. అవి మూల స్టేషను వినిపించినదాన్నే ఇంకో ఫ్రీక్వెన్సీలో తిరిగి వినిపిస్తాయి, వేరే కార్యక్రమం వేయలేవు. మూల స్టేషను, రెండు ట్రాన్స్‌లేటర్లు, ఒక స్ట్రీమ్ కలిపి ఒక చందా నాలుగైంది. వినేవాళ్లు నాలుగింతలు కాలేదు, మీరు పంపే ఫైలూ ఒక్కటే. ప్రకటనల ఆదాయం చట్టరీత్యా లేని స్టేషనుకు ఇది భరించలేని భారం. తెలుగు గంట ఆగిపోతే ఆ ఊళ్లో రేడియో పక్కన కూర్చుని వినే పెద్దవాళ్లకు ఇంకో తెలుగు ప్రసారం ఉండదు. ఈ ఉత్తరం రాయడానికి మాకున్న అసలు కారణం అదే.

కాబట్టి మేం కోరేవి: స్టేషనుకు ఒకటే చందా, ట్రాన్స్‌లేటర్లూ స్ట్రీమ్ అందులోనే. పాత వారం ఫైలు వెళ్లిన శనివారాలకు, గాత్రం పోయిన భాగాలకు జతచేసిన లాగు ప్రకారం చందా వాపసు. ప్రకటనలు లేని ప్రతి, పైన రాసిన నిడివితో, గడువుతో, వచ్చే నెల మొదటి శనివారం నుంచి. అంతకుముందే ఒక నమూనా గంట పంపితే కొలిచి రెండు రోజుల్లో రాతపూర్వకంగా చెబుతాం.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోపు జవాబు ఇవ్వండి. ప్రకటనల విషయంలో మాత్రం అప్పటిదాకా ఆగలేం. ఈ శనివారం నుంచి రెండు లో పవర్ స్టేషన్లలోనూ మీ గంట స్థానంలో మా దగ్గరున్న పాత రికార్డింగులు వేస్తున్నాం. ఆ వారాలకు చందా చెల్లించం.

ఇట్లు,
మూడు స్టేషన్ల ఉమ్మడి సాంకేతిక బృందం

జతపరచినవి: ఆటోమేషన్ లాగులు, గట్టితనం కొలతల పట్టిక, ఫేజ్ లోపం ఉన్న మూడు ధ్వని నమూనాలు, పాత, కొత్త ఒప్పందాల ప్రతులు